కీళ్ళ నొప్పికి కట్టు చాలునా?

పుదుచ్చేరి పట్టణమున ఉత్తరపు తట్టున, సముద్రము నానుకొని వైతికుప్పము అను బెస్తవాడ కలదు. మాసి మకము ఉత్సవమున చుట్టుపట్ల ఆలయముల దేవతామూర్తులను తీర్థవారికై ఈ తీరమునకు తెచ్చెదరు. కావున దూరపు వారికి ఈ పేరు ఆ ఉత్సవమును బట్టియే తెలియును. తక్కిన దినములలో ఇది కాయకష్టము చేయువారి పేట. తెల్లవారక మునుపే పోయిన పడవలు ప్రొద్దెక్కిన పిదప తిరిగి వచ్చును. నీట తడిసి బరువెక్కిన వలను నడుము వంచి లాగుట, పడవను భుజమిచ్చి నెట్టుట, వలలో చిక్కిన చేపలను వంగి ఏరుట, చిరిగిన వలను నేలపై కూర్చుండి బాగుచేయుట, ఇవి పురుషుల పనులు. స్త్రీలు గొంతుకూర్చుండి చేపలు అమ్ముదురు. అమ్ముడు పోని వానిని గంపకెత్తి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకొని వీధులు తిరుగుదురు. సముద్రపు కోతను ఆపుటకై ఒడ్డున పేర్చిన పెద్ద రాళ్ళను ఎక్కి దిగుట వీరి మోకాళ్ళకు మరియొక పరీక్ష.

ఇట్టి తావున ఒక ఉదయము నిలిచి చూచినవారికి ఒక సంగతి కంటబడక మానదు. ఒకని నడుమునకు తువ్వాలు బిగించి యుండును. మరియొకని మోకాలికి అంగడిలో కొన్న సాగుడు తొడుగు. ఒక వృద్ధురాలి మణికట్టునకు పాత చీర చింపి చుట్టిన పట్టీ, దానిపై తైలపు మరక. నొప్పి యున్నచోట కట్టు కట్టుట మన జనులకు తాతల నాటి అలవాటు. కట్టిన పిదప కొంత ఊరట కలుగుటయు నిజమే. అయితే ఆ ఊరటయే చికిత్స యని నమ్మి అంతటితో ఆగిపోవుట వలన ఎందరో కష్టజీవులు నలువది యేండ్లకే పనికి దూరమగుచున్నారని నా అభిప్రాయము.

ఇది తమిళ బెస్తల సంగతి, మనకేల యని తెలుగు పాఠకులు అనుకొనరాదు. గోదావరి ఒడ్డున నున్న యానాము ఈ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకే చెందిన తెలుగు పట్టణము; అక్కడి వలవాని భుజమునకును ఇక్కడి వలవాని భుజమునకును భేదము లేదు. కాకినాడ, మచిలీపట్నము, భీమునిపట్నము రేవులలోను ఇదే పని, ఇదే నొప్పి. మగ్గపు గుంటలో కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండు నేతగానికి, బురదలో వంగి నాట్లు వేయు కూలి స్త్రీకి, మూటలు మోయు హమాలీకి కూడ ఈ మాటలు వర్తించును.

కీలు అనగా రెండెముకలు కలియుచోటు. ఎముకల కొనలపై నున్నని మృదులాస్థి పొర యుండును. చుట్టును ఒక సంచి, ఆ సంచిలో జిగటయైన ద్రవము, ఎముకను ఎముకకు బంధించు గట్టి నారపట్టీలు ఉండును. వీనిలో ఏదియు తనంతట తాను బిగియలేదు, వదులు కాలేదు. ఆ పని చేయగలిగినవి కండరములు మాత్రమే. అడుగు నేలను తాకునప్పుడు తొడ ముందరి కండరము బిగిసి, మోకాలిపై పడవలసిన అదటులో చాల భాగమును తాను తీసికొనును. తెరచాప కొయ్యను నాలుగు దిక్కుల త్రాళ్ళు లాగి నిలిపినట్లు కండరములు కీలును నిలుపును. ఒక త్రాడు వదులై, దాని కెదుటి త్రాడు మితిమీరి బిగిసినచో కొయ్య ఒరగును. పడవవాని కీ సంగతి వేరుగా చెప్ప నక్కరలేదు.

ఇందులో ఒక చిక్కు కలదు. మోకాలిలో నొప్పియు వాపును కలిగినప్పుడు తొడ కండరము తనంతట తానే మందగించును. శరీరము దానిని అణచి యుంచును. మందగించిన కండరము కొలది వారములలోనే సన్నబడును. కండరము సన్నబడిన కొలది కీలుపై భారము హెచ్చును, భారము హెచ్చిన కొలది నొప్పి హెచ్చును. పైన కట్టిన కట్టు ఈ చక్రమును ఆపదు, కనబడకుండ కప్పిపెట్టును. పైగా మృదులాస్థికి రక్తనాళములు లేవు. నడకలో నొక్కబడి, మరల వదలబడి, చుట్టునున్న ద్రవమును స్పాంజివలె పీల్చుకొనినప్పుడే దానికి ఆహార మందును. కదలని కీలు ఆకలితో నుండు కీలు.

మన దేశమున కట్టు పై ఇంత నమ్మక మేర్పడుటకు కారణము లేకపోలేదు. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు తెలుగు నాట వినని వా రరుదు. ఆకు పసరు, గ్రుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు ఆ కట్టునకై తమిళ దేశము నుండియు జనులు పోవుదురు. విరిగిన ఎముకను కదలకుండ నిలుపవలె ననుటలో ఆధునిక వైద్యమునకును భేదాభిప్రాయము లేదు. అతుకుటకు దానికి విశ్రాంతి కావలెను. కాని విరిగిన ఎముక వేరు, అరిగిన కీలు వేరు, పట్టిన కండరము వేరు. మొదటిదానికి తగిన ధర్మమును తక్కిన రెంటికిని పట్టించుటయే మన పొరపాటు. విరిగిన ఎముకకైనను కట్టు విప్పిన నాడు చికిత్స ముగియలేదు. బిగిసిన కీలును మరల వంచుట, సన్నబడిన కండరమును మరల పెంచుట అప్పుడే మొదలు కావలెను. కట్టు విప్పించుకొని నేరుగా పడవ ఎక్కినవాడు రెండవ మారు గాయపడిన ఆశ్చర్య మేమున్నది?

నడుము నొప్పి విషయమున వైద్యులే ఒకప్పుడు పొరబడిరి. వారముల తరబడి పరుపుపై పండుకొనుమని చెప్పుట లోకమంతట ఆచారముగ నుండెను. 1986లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 203 మంది రోగులను పరిశీలించి, 7 దినములు పండుకొన్నవారి కంటె 2 దినములు మాత్రమే పండుకొన్నవా రేమియు నష్టపోలేదనియు, పైగా తక్కువ దినములలో పనికి మరలి రనియు కనుగొనిరి. 1995లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ నగరపాలక ఉద్యోగులు 186 మందిపై చేసిన పరిశోధన మరి యొక అడుగు ముందునకు వేసినది. అప్పుడే నడుము పట్టినవారిలో కొందరిని 2 దినములు పండుకొనుమనిరి, కొందరిచేత నడుము వ్యాయామములు చేయించిరి, కొందరిని మాత్రము నొప్పి ఓర్చుకొన్నంత మేరకు మామూలు పనులు చేసికొను మనిరి. అందరికంటె త్వరగా కోలుకొన్నవారు ఈ మూడవవారే. వ్యాయామమును పొగడువాడనైన నేను ఈ సంగతిని దాచుట న్యాయము కాదు. మొదటి దినములలో వ్యాయామము కంటెను మామూలు కదలికయే మేలైనది. వ్యాయామపు వంతు నొప్పి నెమ్మదించిన పిదప, అది మరల రాకుండుటకై వచ్చును.

మరి నడుము బెల్టు మాట యేమి? 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పిని గూర్చి మార్గదర్శక సూత్రములను వెలువరించినది. అందులో వ్యాయామమును, రోగికి బోధను సిఫారసు చేసినది. బెల్టులను, పట్టీలను వాడుకగా వాడవద్దన్నది. నడుమును బరువులతో లాగు ట్రాక్షనును, శబ్ద తరంగముల యంత్రమును, చర్మముపై విద్యుత్తు పెట్టు యంత్రమును కూడ ఆ పట్టికలోనే చేర్చినది. మన ఊళ్ళలో ఫిజియోథెరపీ యనగా ‘కరెంటు పెట్టించుకొనుట’ యని పేరు పడినది. రోగిని బల్లపై పండుకొనబెట్టి, యంత్రము తగిలించి, ఇరువది నిమిషములకు లేపి పంపుటకే పరిమితమైన చోట ఆ శాస్త్రమునకు తగిన గౌరవము దక్కలేదని చెప్పక తప్పదు. చేతితో తాకి పరీక్షించుట, ఏ కండరము బలహీనమో ఏది బిగువో కనుగొనుట, రోగిచేత చేయించుట, ఇంటివద్ద చేయుటకు నేర్పుట, ఇదియే ఆ విద్యకు ప్రాణము.

ఆధారములన్నియు వ్యర్థమని నా వాదము కాదు. రాళ్ళపై జారి మడమ బెణికినవానికి కొలది దినములు సాగుడు పట్టీ చుట్టుట మంచిదే. వాపు పెరుగదు, మరల మెలికపడు భయము తగ్గును. అరిగిన మోకాలికి తొడుగు వేసికొనుట వలన ధైర్యము కలిగి ఒక మైలు ఎక్కువ నడచిన, అదియు మంచిదే. కాని ఆ తొడుగు చేతికర్ర వంటిది, కాలు వంటిది కాదు. చేతికర్ర పేరు వచ్చినది గనుక చెప్పవలెను: నూటికి ఎక్కువమంది దానిని నొప్పి యున్న కాలివైపు చేతనే పట్టుదురు. అది తప్పు. కుడి మోకాలు నొప్పియైన కర్ర ఎడమచేత నుండవలెను. కుడికాలితో పాటు కర్ర ముందునకు పోవలెను. అప్పుడే భారము పంచుకొనబడును. కర్ర పొడవు మణికట్టు మడత దాక ఉండిన చాలును. కొందరు వృద్ధులు కర్ర పట్టుటకు సిగ్గుపడుదురు గాని గోడలు పట్టుకొని నడచుటకు సిగ్గుపడరు!

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఒక చేపల బేరగత్తె, ఏబదియేండ్ల మనిషి, వ్యాయామము చేయుమన్న ఆరోగ్య కార్యకర్తతో, “ప్రొద్దున లేచినది మొదలు పనియే గదా నాయనా, ఇంక వ్యాయామ మెందుకు?” అని అడుగును. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. పనిలో బలము పెరుగుననుట నిజమే. ఆమె మెడ కండరములు మన మెడల కంటె దృఢమైనవి. కాని పని తనకు కావలసిన కండరములనే వాడుకొనును, తక్కినవానిని మరచును. వల లాగువాని వీపును, చేతులను పని పెంచును; భుజపు గుండును గూటిలో నిలుపు చిన్న కండరములను పెంచదు. గొంతుకూర్చుండుట వలన తొడ వెనుక కండరములు కుదించుకొని యుండుటకు అలవాటు పడును. పైగా పనికి మోతాదు లేదు. అలసిన పిదపను వల లాగవలసినదే, నొప్పి యున్నను గంప ఎత్తవలసినదే. వ్యాయామము మనము కొలిచి తీసికొను మందు, పని కొలత లేక మీదపడు భారము. అందువలన వ్యాయామము పనికి మారు కాదు, పనిని ఓర్చుటకు దేహమును సిద్ధపరచుట.

మోకాలి నొప్పి గలవారు మొదట చేయవలసినది మిక్కిలి సులభము. గోడకు ఆని కాళ్ళు చాపి కూర్చుండి, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలు నుంచి, దానిని మోకాలితో నేలకు అదుముచు తొడ బిగించవలెను; అయిదు అంకెలు లెక్కించి వదలవలెను. ఇట్లు పది మారులు, ఉదయమును సాయంకాలమును. వారము గడచిన పిదప ఎత్తైన బల్లపై కూర్చుండి కాలిని మెల్లగా చాపి దింపుట. అటుపిమ్మట చేతుల ఊత లేకుండ కుర్చీ నుండి లేచి కూర్చుండుట. ఈ చివరిది చూచుటకు అల్పము గాని, తొడకును పిరుదునకును దీనికి మించిన వ్యాయామము ఇంటిలో దొరకదు. లేచుట కంటె కూర్చుండుట మెల్లగా చేయుటలోనే దీని రహస్య మున్నది. డెన్మార్కు దేశమున 2013లో ఆరంభించిన ఒక పద్ధతిలో మోకాలు, తుంటి అరిగినవారికి 6 వారములలో 12 మారులు ఇట్టి వ్యాయామములను దగ్గరుండి చేయించి, రోగమును గూర్చి బోధించెదరు. అది పిదప ఆస్ట్రేలియా, కెనడా మొదలగు దేశములకును వ్యాపించినది. దానికి పెద్ద యంత్రము లక్కరలేదు. స్థూలకాయులు బరువు తగ్గినచో లాభము మరింత: ఒక కిలో తగ్గిన, ప్రతి అడుగునను మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గునని 2005లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

కండరమును సాగదీయుట వేరొక విద్య; దానిలో తప్పులును ఎక్కువ. తొడ వెనుక భాగమునకు పడవ త్రాటి ముక్కయే చాలును. వెల్లకిల పండుకొని, త్రాటిని అరికాలికి తగిలించి, మోకాలు వంచకుండ కాలిని పైకి లాగవలెను. లాగు పుట్టినచోట ఆగి, ఊపిరి బిగబట్టక, సుమారు 30 సెకండ్లు నిలువవలెను. 15 సెకండ్ల కంటె 30 సెకండ్లు మేలనియు, 60 సెకండ్లు పట్టినను అంతకు మించిన ఫలము లేదనియు 1990ల నాటి పరిశోధనలు చూపినవి. ఊపుచు, ఎగురుచు సాగదీయరాదు. కుదుపునకు కండరము బెదరి మరింత బిగియును. పిక్కలకు గోడపై అరచేతులు ఆన్చి, ఒక కాలు వెనుకకు పెట్టి, మడమ నేలను విడువకుండ ముందునకు వంగుట చాలును. ఒక్క సంగతి మాత్రము గుర్తుంచుకొనవలెను. చలిగా నున్న వేకువన, నిద్రలేచిన కండరములను బిగ్గర సాగదీసి వెంటనే వల పట్టుట మంచిది కాదు. పనికి ముందు అయిదు నిమిషములు నడచుట, చేతులు గుండ్రముగ త్రిప్పుట, కొలది మారులు కూర్చుండి లేచుట చేసి ఒడలు వెచ్చపరచిన చాలును. దీర్ఘముగ సాగదీయుట పని ముగిసిన పిదప.

భుజము విషయమున ఆలస్యము మిక్కిలి చెరుపు చేయును. మధుమేహము కలవారికి భుజము బిగియు వ్యాధి ఇతరుల కంటె ఎక్కువగా వచ్చును. మొదట రాత్రులందు నొప్పి, పిదప చెయ్యి వెనుకకు పోకుండుట, తుదకు చొక్కా తొడుగుకొనుటకును తల దువ్వుకొనుటకును కూడ అశక్తత. నొప్పి యని చేతిని జోలెలో వేసికొని తిరిగినచో బిగువు మరింత హెచ్చును. గోడ నెదుర్కొని నిలిచి వ్రేళ్ళను సాలీడు ప్రాకినట్లు పైకి ప్రాకించుట, ముందునకు వంగి చేతిని గంటలోని నాలుకవలె మెల్లగా ఊపుట, మంచి చేతితో కర్ర పట్టి నొప్పిచేతిని పైకెత్తుట, ఇవి దినమునకు నాలుగైదు మారులు చేయవలెను. కుదురుటకు నెలలు పట్టును; ఏడాది దాటుటయు కలదు. ఈ సంగతి ముందుగనే చెప్పినచో రోగి నిరాశపడడు, చెప్పకున్న మూడవ వారమునకే మానివేయును.

వ్యాయామమున కొంచెము నొప్పి కలిగిన భయపడి మానివేయుట కూడ సాధారణము. చేయునప్పుడు నొప్పి స్వల్పముగ హెచ్చి మరునాటికి మునుపటి మేరకు వచ్చినచో హాని లేదు. మరునాడును తగ్గక, వాపు కనబడినచో మోతాదు ఎక్కువైనదని అర్థము. సగము చేయవలెను గాని పూర్తిగ ఆపరాదు.

నొప్పి తగ్గించు ఉపాయములలో కాపడము చౌకైనది. బిగిసిన నడుమునకు, మెడకు వేడినీట ముంచి పిండిన గుడ్డతో కాపడము పెట్టి, అది ఇచ్చిన సుఖములోనే కదలికలు చేయవలెను. కాపడము తలుపు తెరచును. లోపలికి నడువవలసినది రోగియే. క్రొత్తగా బెణికి వాచినదానికి వేడి తగదు. అక్కడ చలువ కొంత ఊరట నిచ్చును. బెస్తవాడలో మంచుగడ్డకు కొదువ లేదు! గుడ్డలో చుట్టి 10 నుండి 15 నిమిషములు పెట్టిన చాలును. నేరుగా చర్మముపై పెట్టిన చర్మము కాలినట్లగును. విశ్రాంతి, మంచు, ఒత్తుడు కట్టు, ఎత్తి యుంచుట అను నాలుగు మాటల సూత్రమును 1978లో ప్రచారము చేసిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, దీర్ఘ విశ్రాంతియు మంచును మానుటను ఆలస్యము చేయవచ్చునని తరువాతి కాలమున తానే తన మాటను సవరించుకొనెను. తన పేరు తెచ్చిన మాటను తానే దిద్దుకొనుట శాస్త్రజ్ఞునకు తగిన పని.

మాత్రల సంగతి మాత్రము కఠినముగనే చెప్పవలెను. డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలను వైద్యుడు కొలది దినములకు వ్రాసి యిచ్చుట వేరు, చీటీ లేకుండ దుకాణమున కొని ప్రతిదినము పడవ ఎక్కబోవు ముందు మ్రింగుట వేరు. ఇవి కడుపులో పుండ్లు కలిగించును, రక్తపుపోటును పెంచును, మూత్రపిండములకు రక్తమును తగ్గించును. ఎండలో చెమటోడ్చి, త్రాగునీరు చాలక ఒడలు ఎండిన దశలో ఈ మాత్రలు మూత్రపిండములకు మరింత అపాయకరములు. సముద్రముపై బెస్తవాని దశ సరిగా ఇదియే. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబముల నెట్లు కూల్చినదో తెలుగువారెల్ల రెరుగుదురు. దాని మూలకారణము పూర్తిగా తేలలేదు. కాని అట్టి శ్రమజీవుల నడుమ నొప్పి మాత్రలను పప్పుబెల్లములవలె పంచుట ఎంత సాహసమో చెప్ప నక్కరలేదు. పేరు లేని పొట్లములలో ఇచ్చు పొడులలో స్టెరాయిడ్లు కలిసి యుండుట కూడ పలుమారులు బయటపడినది. ఒక్క దినములో నొప్పి మాయమైనచో సంతోషించుటకు ముందు సందేహింపవలెను.

వ్యాయామముతో కాలయాపన చేయరాని స్థితులు కొన్ని కలవు. కీలు ఎర్రబడి వేడిగా వాచి జ్వరము తోడైనప్పుడు, పడిన పిదప కాలు మోపలేనప్పుడు, నడుము నొప్పితో పాటు మూత్రము పట్టు తప్పినను, మర్మస్థానము చుట్టు తిమ్మిరెక్కినను, పాదము వ్రేలాడినను, రాత్రివేళ విడువని నొప్పితో బరువు తగ్గుచున్నను, జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. ప్రతి ఉదయము చేతివ్రేళ్ళ కీళ్ళు రెండు ప్రక్కలను గంట సేపు బిగిసి యుండువారికి అది అరుగుదల కాక రుమటాయిడ్ వ్యాధి కావచ్చును. దానికి వేరు మందులు కలవు, త్వరగా మొదలిడవలెను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 1813లో స్వీడను దేశమున లింగ్ స్థాపించిన వ్యాయామ విద్యాలయముతో ఐరోపాలో దీనికి శాస్త్రరూప మేర్పడెను. మన దేశమున 1950ల ఆరంభమున, పోలియో పీడించుచున్న రోజులలో, బొంబాయిలో దీనికి పాఠశాల వెలసెను. మనకు సమీపముననే, వెల్లూరులో, ప్రమాదమున రెండు కాళ్ళును చచ్చుబడి చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసిన డాక్టరు మేరీ వర్గీసు 1966లో పునరావాస కేంద్రమును నెలకొల్పిరి. 2021లో పార్లమెంటు చేసిన చట్టమున ఫిజియోథెరపీ ఆరోగ్య వృత్తులలో నొకటిగా స్థానము పొందెను. చదువు పెరిగినది, చట్టము వచ్చినది. వల లాగువాని వద్దకు వచ్చుటయే మిగిలినది.

వైతికుప్పమునకు ఒక భాగ్య మున్నది. 1823 నాటి ఫ్రెంచి వైద్య పాఠశాల పరంపరలో 1964లో వెలసిన జిప్మర్ సంస్థవారి పట్టణ ఆరోగ్య కేంద్రము ప్రక్కనున్న కురుసుకుప్పములో కలదు. వైతికుప్పము దాని పరిధిలోనిదే. ఇంటింటికి తిరుగు ఆరోగ్య కార్యకర్తలు, జనుల పేర్లు తెలిసిన కేంద్రము, ఇవి పెద్ద ఆసుపత్రిలో దొరకనివి. ఇట్టి కేంద్రములన్నిటను, దేశమంతటను, వారమునకు ఒక్క దినమైనను ఫిజియోథెరపిస్టు కూర్చుండవలెనని నా మనవి. అది ఉదయమున కాక సాయంకాలమున కావలెను. చేపల బేరము సాగు వేళనే ఆసుపత్రి చీటీ ఇచ్చినచో బెస్త స్త్రీ బేరము నెంచుకొనును, మోకాలిని విడుచును. ఆమెను తప్పుపట్టుటకు మన కధికారము లేదు.

మరి యొక అవకాశ మున్నది. తూర్పు తీరమున ఏటేట ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. ఈ రెండు నెలలు ఆ పడవలపై పనిచేయువారు ఒడ్డుననే యుందురు. కండరమునకు చెప్పుకోదగిన బలము చేకూరుటకు సుమారు 8 వారములు పట్టును. ఈ గడువు దానికి సరిపోవును. ఆ కాలము ఊరక గడపి, జూను 15న ఒక్కమారుగా పూర్తి బరువు లాగువాని కండరములు అప్పటికే మెత్తబడి యుండును. గాయములు కలుగుటకు అదియే అదను. నిషేధకాలమున ప్రభుత్వము ఇచ్చు భృతిని గూర్చి చర్చలు జరుగుట న్యాయమే. ఆ దినములలోనే వల బాగుచేయు చెట్టునీడన వారమునకు మూడు మారులు అరగంట వ్యాయామము చేయించుటకు ఎంత వ్యయమగును? ఒక మనిషి జీతము, పది త్రాటిముక్కలు.

వ్యయము మాట వచ్చినది గనుక స్త్రీల సంగతి చెప్పి ముగించెదను. గొంతుకూర్చుండి గంటల కొలది చేపలు కోయు స్త్రీకి ఎన్ని వ్యాయామములు నేర్పినను, మరునాడు ఆమె మరల ఆ నేలపైననే కూర్చుండవలెను. చేపల బజారులు కట్టునప్పుడు ఇంజనీర్లు నీరు పోవు కాలువను గూర్చి ఆలోచింతురు, పైకప్పును గూర్చి ఆలోచింతురు. అమ్ము స్త్రీ మోకాలిని గూర్చి ఆలోచించిన జాడ అరుదు. చేపలను నడుమెత్తు తిన్నెపై నుంచి, ఆమెకు మోకాలెత్తు బల్ల నిచ్చినచో చాలును. ఇప్పటికిప్పుడు తిన్నెలు లేనిచోట, జానెడు ఎత్తు కొయ్యపీటయైనను ఆమె క్రింద నుండవలెను, అరగంట కొకమారు ఆమె లేచి పది అడుగులు వేయవలెను. కత్తిపీటను కూడ అంతే ఎత్తునకు లేపి పెట్టవలెను. లేనిచో మోకాలు తప్పించుకొనిన భారము నడుముపై పడును.